ఉంగరం కొలత: వేలికి ఎప్పుడు, ఎలా తీయాలి?

మామూలు తెల్ల కాగితాలు మూడు ఒకదానిమీద ఒకటి పెట్టి వేళ్ల మధ్య పట్టుకుని చూడండి. ఉంగరాల్లో ఒక సైజుకూ పక్క సైజుకూ అడ్డకొలతలో ఉండే తేడా సుమారుగా అంతే. మిల్లీమీటరులో మూడో వంతు. ఆ కాస్త తేడాకే ఉంగరం కణుపు దగ్గర ఆగిపోతుంది, లేదా చేతులు కడుక్కునేటప్పుడు జారిపోతుంది. తిరుపతి గాంధీ రోడ్డులో కానీ చిత్తూరు బజారులో కానీ పెళ్లి ముహూర్తాల రోజుల్లో నగల కొట్లో కాసేపు కూర్చుంటే ఒక సంగతి కనిపిస్తుంది. హారానికి, గాజులకు పూటలు పూటలు పెట్టే వాళ్లు ఉంగరం దగ్గరికి వచ్చేసరికి అలిసిపోయి ఉంటారు. బిల్లు వేసే ముందు ఎవరో ఒకరు "పద్నాలుగు సరిపోతాది లేక్కా" అంటారు, దాంతో కొలత తేలిపోతుంది. సవర బంగారం ఎంత పలుకుతోందో తెలిసిన ఇళ్లే ఇవి. అంత పోసి చేయించిన ఉంగరం బిగుతై బీరువాలో పడి ఉన్నా, వదులై నీళ్లపాలైనా బాధే కదా. అందుకే ఈ కొలత సంగతి కాస్త ఓపికగా చెప్పుకుందాం.

ముందు ఆ "పద్నాలుగు" ఎక్కడిదో చూద్దాం. మన దేశంలో కొట్లు వాడే సైజు నంబరు వెనక లెక్క చాలా సులువు. ఉంగరం లోపలి చుట్టుకొలతను మిల్లీమీటర్లలో తీసుకుని, అందులోంచి 40 తీసేస్తే మిగిలేదే సైజు. లోపలి చుట్టుకొలత 54 మి.మీ. అయితే సైజు 14. 58 అయితే 18. అంటే సైజు ఒకటి పెరిగితే చుట్టుకొలత ఒక మిల్లీమీటరు పెరిగినట్టు. అడ్డకొలత కావాలంటే చుట్టుకొలతను 3.14తో భాగించాలి. 12 సైజు ఉంగరం లోపలి అడ్డకొలత సుమారు 16.5 మి.మీ., 14కు 17.2, 16కు 17.8, 18కి 18.5, 20కి 19.1. ఈ అయిదు అంకెలు ఒక చీటీమీద రాసి పర్సులో పెట్టుకుంటే కొట్లో ఎవరినీ అడగక్కర్లేదు.

చిక్కంతా బయటి దేశాల నంబర్లతో వస్తుంది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 8653 ప్రకారం చుట్టుకొలతే సైజు, 54 మి.మీ. ఉంటే 54 అనే అంటారు. అమెరికాలో లెక్క వేరు, అక్కడ 7 అంటే చుట్టుకొలత దాదాపు 54.4 మి.మీ., మన 14కు దగ్గర. బ్రిటన్‌లో అంకెలే ఉండవు, ఇంగ్లీషు అక్షరాలుంటాయి. డాలస్‌లో ఉన్న అబ్బాయి ఫోనులో "నాది తొమ్మిది" అంటాడు, తిరుపతిలో మేనమామ వెళ్లి తొమ్మిదే చేయిస్తాడు. అమెరికా తొమ్మిది మన పందొమ్మిదికీ ఇరవైకీ మధ్య వస్తుంది. మన తొమ్మిది ఆ వేలి కణుపు దాకా కూడా వెళ్లదు. కువైట్ నుంచి అక్క ఉంగరం తెస్తానన్నా ఇదే జాగ్రత్త పడాలి. నంబరు చెప్పకండి, లోపలి అడ్డకొలత ఇన్ని మిల్లీమీటర్లని చెప్పండి. మిల్లీమీటరు ఏ దేశంలోనైనా మిల్లీమీటరే. మన ఊళ్లో కూడా, పాత ఆచార్ల దగ్గరుండే కొలత కడ్డీమీద గీతలకూ కొత్త షోరూముల్లో ఉంగరాల గుత్తిమీద నంబర్లకూ ఒకటి రెండు తేడా ఉండొచ్చు. ఒక కొట్లో వచ్చిన నంబరు పట్టుకుని ఇంకో కొట్లో ఆర్డరు ఇవ్వకూడదు.

ఇక ఇంట్లో కొలత తీయడం. అందరూ చేసేది దారం చుట్టడమే. దారంతో వచ్చే ఇబ్బంది ఏమిటంటే అది సాగుతుంది, మెలి తిరుగుతుంది, మెత్తటి వేలిలోకి కాస్త దిగుతుంది కూడా. ఒక మిల్లీమీటరు పొరపాటు పడితే ఒక సైజు పోయినట్టే అని ఇందాక చూశాం. దారంతో రెండు మూడు మిల్లీమీటర్లు తేడా రావడం తేలిక. దానికన్నా సాగని కాగితం నయం. అయిదారు మిల్లీమీటర్ల వెడల్పున పొడుగ్గా పట్టీ కత్తిరించి, వేలి మొదట్లో చుట్టి, కొన కలిసిన చోట సన్నటి పెన్సిలుతో గీత పెట్టి, స్కేలుమీద పరిచి కొలవండి. ఆ తరువాత అదే పట్టీని గీత దగ్గర అతికించి వలయంగా చేసి, కణుపుమీదుగా తొడిగి చూడండి. వేలి మొదట్లో సరిపోయిన వలయం కణుపు దాటకపోతే ఆ కొలత పనికిరాదు. మర్నాడు ఇంకో వేళ మళ్లీ ఒకసారి తీయండి. రెండుసార్లూ ఒకే అంకె రాకపోతే కంగారు పడొద్దు, అది వేలి గుణం. దాని గురించి కింద చెబుతాను.

ఇప్పటికే ఆ వేలికి బాగా కుదిరిన ఉంగరం ఒకటి ఉంటే అన్నిటికన్నా నమ్మకమైన దారి అదే. స్కేలుమీద పెట్టి లోపలి అంచునుంచి లోపలి అంచుకు, బాగా వెడల్పుగా ఉన్న చోట కొలవండి. సైన్సు చదివే పిల్లలున్న ఇంట్లో వెర్నియర్ కాలిపర్స్ దొరికితే ఇంకా మంచిది. బయటి అంచు కొలిస్తే బంగారం మందం కూడా కలిసిపోతుంది, సైజు చాలా ఎక్కువ వస్తుంది. ఉంగరం గుండ్రదనం పోయి నొక్కుకుపోయి ఉంటే రెండు దిక్కులా కొలిచి సగటు తీసుకోవాలి. ఫొటో తీసి వాట్సాప్‌లో పంపితే సైజు తెలియదు, ఫోను తెరమీద బొమ్మ ఎంతైనా పెరుగుతుంది, ఎంతైనా తగ్గుతుంది.

వేలు రోజంతా ఒకే లావున ఉండదు. కొలతలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం దీనివల్లే అని నా అభిప్రాయం. వేడికి చర్మం కింది రక్తనాళాలు వెడల్పవుతాయి, వేలు ఉబ్బుతుంది. చలికి అవి ముడుచుకుంటాయి, వేలు సన్నబడుతుంది. ఉప్పు ఎక్కువ తిన్న రాత్రి ఒంట్లో నీరు నిలుస్తుంది. నిద్ర లేవగానే వేళ్లు కాస్త ఉబ్బి ఉండటం చాలామంది గమనించే ఉంటారు. మన తిరుపతి మనిషికి దీన్ని రుజువు చేసుకోవడానికి కొండే చాలు. అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కేటప్పుడు చేతులు కిందికి వేలాడుతూ ఊగుతుంటాయి, ఒళ్లు వేడెక్కుతుంది. గాలిగోపురం దాటేసరికి ఉంగరం బిగుసుకుని, గుప్పిట మూయబోతే వేళ్లు నిండుగా అనిపిస్తాయి. శ్రీవారి మెట్టు దారిలో మెట్లు 2,388 మాత్రమే అయినా ఎక్కుడు నిటారుగా ఉంటుంది, అక్కడా ఇదే అనుభవం. అదే మనిషి ధనుర్మాసంలో తెల్లవారుజామున తిరుమల చలిలో క్యూలో నిలబడితే ఆ ఉంగరమే వేలిమీద గిర్రున తిరుగుతుంది. రోహిణి కార్తె ఎండలో తీసిన కొలతతో చేయించిన ఉంగరం పుష్యంలో వదులైతే అది ఆచారి తప్పు కాదు.

నీళ్ల దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. స్వామి పుష్కరిణిలో కానీ కపిల తీర్థంలో కానీ మునిగినప్పుడు చల్లటి నీటికి వేలు ముడుచుకుంటుంది, తడికి రాపిడి తగ్గుతుంది, సబ్బు తోడైతే ఇక చెప్పక్కర్లేదు. వదులు ఉంగరాలు పోవడానికి అంతకన్నా తగిన చోటు లేదు. అభిజ్ఞాన శాకుంతలంలో దుష్యంతుడు తన పేరున్న ఉంగరాన్ని శకుంతల వేలికి తొడిగి వెళతాడు, అది శచీతీర్థం నీళ్లలో జారిపోతుంది. రాజు ఆమెను మరిచిపోవడానికి కారణం దుర్వాసుడి శాపమే. అయినా మగవాడి వేలికి చేసిన ఉంగరం ఆశ్రమంలో పెరిగిన పిల్ల వేలికి వదులుగానే ఉండి ఉంటుందని, చల్లటి నీళ్లు మిగతా పని చేశాయని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. తీర్థానికి దిగే ముందు వదులు ఉంగరం తీసి కొంగుకు ముడి వేసుకునే పెద్దవాళ్ల అలవాటు చాలా మంచిది.

మరి ఎప్పుడు కొలవాలి? సాయంత్రం. ఎండ తగ్గి, ఒళ్లు చల్లబడి, పని హడావిడి లేని వేళ. నడిచి వచ్చిన వెంటనే, పొయ్యి దగ్గరనుంచి లేచిన వెంటనే, బట్టలు ఉతికిన వెంటనే వద్దు. ఏసీ షోరూములో అరగంట కూర్చున్నాక కొలత తీయించుకుంటే వేలు సన్నబడి ఉంటుంది. బయటికి వచ్చి చిత్తూరు ఎండలో నడిస్తే ఆ ఉంగరమే బిగుస్తుంది. కొట్లోకి అడుగుపెట్టగానే ఒకసారి, బయలుదేరే ముందు మరోసారి గుత్తిలోని వలయం తొడిగి చూసుకోండి. రెండింటికీ నడుమ వచ్చేది తీసుకోవచ్చు.

కణుపు సంగతి విడిగా చెప్పాలి. ఉంగరం రెండు చోట్ల నెగ్గాలి. కణుపు దాటి లోపలికి వెళ్లాలి, మొదట్లో నిలవాలి. కొందరి వేళ్లు మొదలునుంచి కొనదాకా సన్నబడుతూ పోతాయి. వాళ్లకు మొదలు కొలత సరిపోతే చాలు. కష్టపడి పని చేసిన చేతులు, వయసు మీదపడిన చేతులు అలా ఉండవు. కలుపు తీసిన, పాలు పితికిన, పిండి రుబ్బిన చేతులకు కణుపు లావుగా, మొదలు సన్నగా ఉంటుంది. అలాంటి వేలికి కణుపు కొలతతో చేస్తే ఉంగరం మొదట్లో తిరుగుతుంది, మొదలు కొలతతో చేస్తే అసలు లోపలికి పోదు. రెండింటికీ నడుమ కొలత తీసుకుని, ఉంగరం లోపల కింది భాగంలో రెండు చిన్న బంగారు బుడిపెలు పెట్టించుకుంటే అది తిరగకుండా ఆగుతుంది. కణుపుల నొప్పులున్న పెద్దవాళ్లకు కింది భాగం తెరిచి ఉండే ఉంగరం ఇంకా సుఖం, అవసరాన్ని బట్టి కొద్దిగా విప్పుకోవచ్చు, నొక్కుకోవచ్చు. కాలి మెట్టెలకు సైజు గొడవ లేకపోవడానికి కారణం కూడా అవి తెరిచి ఉండటమే.

సరైన బిగుతు ఎలా తెలుస్తుందంటే, తొడిగేటప్పుడు కణుపు దగ్గర కొంచెం ఒత్తిడి ఉండాలి, తీసేటప్పుడు ఇంకొంచెం ఎక్కువ ఉండాలి, మెల్లగా తిప్పుతూ లాగితే రావాలి. చేయి కిందికి దించి గట్టిగా విదిలిస్తే కదలకూడదు. ఉంగరానికి రెండువైపులా చర్మం ఉబ్బి కనిపిస్తే బిగుతు. తీశాక వేలిమీద లోతైన గీత మిగిలి, కాసేపటికీ పోకపోతే కూడా బిగుతే. ఏ చేతి వేలో, ఏ వేలో ముందే తేల్చుకోండి. కుడిచేతి వాటం వాళ్లకు కుడిచేతి వేళ్లు సాధారణంగా ఎడమవాటికన్నా కొద్దిగా లావు. ఎడమ అనామికకు తీసిన కొలత కుడి అనామికకు పనికొస్తుందని అనుకోవద్దు.

ఉంగరం రూపం కూడా కొలతను మారుస్తుంది. సన్నటి తీగ ఉంగరం వేలిమీద తక్కువ చోటు పట్టుకుంటుంది, కాబట్టి కచ్చితమైన కొలత చాలు. పట్టీ వెడల్పు ఆరు మిల్లీమీటర్లు దాటితే అది ఎక్కువ చర్మాన్ని నొక్కుతుంది, ఒక సైజు పెంచాలి. కొలత తీసుకునే వలయం కూడా వెడల్పుదే అయి ఉంటే మేలు. తాబేలు ఉంగరం, నవరత్నాల ఉంగరం లాంటివి పైన బరువుగా ఉంటాయి, కొంచెం వదులైనా రాయి కిందికి తిరిగిపోతుంది. వీటికి కొద్దిగా బిగుతుగా ఉండటమే మంచిది. వంకీ ఉంగరానికి వంపు కణుపువైపు లేచి ఉంటుంది గనుక, తొడిగి గుప్పిట మూసి చూసుకోకుండా కొనకూడదు.

ఎంత జాగ్రత్తపడ్డా కొన్నిసార్లు సైజు మార్చాల్సి వస్తుంది. నున్నటి ఉంగరమైతే ఆచారికి ఇది పెద్ద పని కాదు. ఒక సైజు పెంచాలంటే కడ్డీమీద సాగదీస్తారు, దాంతో బంగారం కొద్దిగా పలచబడుతుంది. అంతకన్నా ఎక్కువైతే కోసి, నడుమ ముక్క వేసి, టంకంతో అతికించి, నునుపు పెడతారు. తగ్గించాలంటే ముక్క తీసేసి అతికిస్తారు. ఆ ముక్క ఎంతో మీరే లెక్క వేసుకోవచ్చు. నాలుగు గ్రాముల 14 సైజు ఉంగరం చుట్టూ 54 మి.మీ. ఉంటుంది. రెండు సైజులు పెంచడానికి రెండు మిల్లీమీటర్ల ముక్క కావాలి. పట్టీ అంతా ఒకే మందమైతే అది సుమారు 150 మిల్లీగ్రాములు. గ్రాము బంగారం పడిందని ఎవరైనా అంటే కాటా దగ్గర నిలబడి అడగండి. తగ్గించినప్పుడు మిగిలిన ముక్కను కూడా అడిగి తీసుకోండి, లేదా దాని ధర కూలిలో తగ్గించమనండి. పనికి ముందు, తరువాత బరువు చూసి చీటీమీద రాయించుకుంటే ఇద్దరికీ మంచిది, నిజాయితీగా చేసే ఆచారి దీనికి ఏమీ అనుకోడు.

రాళ్ల ఉంగరాలు వేరు. నవరత్నాల్లో ముత్యం, పగడం ఉంటాయి. ఈ రెండూ నీళ్లలోని ప్రాణులనుంచి వచ్చినవి, మంటను ఓర్చుకోలేవు. ఊదుగొట్టం సెగ తగిలితే రంగు పోతుంది, పగులుతుంది. పచ్చ కూడా వేడికి సున్నితమే. అందుకే అలాంటి ఉంగరం అతకాలంటే ముందు రాళ్లు విప్పి, పని అయ్యాక మళ్లీ పొదగాలి. చుట్టూ రాళ్లు పొదిగిన ఉంగరంలోనైతే కోయడానికి ఖాళీ చోటే ఉండదు. ఇలాంటివి కొనేటప్పుడే కొలతకు రెట్టింపు ఓపిక పట్టాలి.

హాల్‌మార్కు సంగతి కూడా ఇక్కడే. 2021 జూన్ 16 నుంచి దేశంలో దశలవారీగా బంగారు నగలకు హాల్‌మార్కు తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి కొట్లో అమ్మే హాల్‌మార్కు నగమీద ఆరు అక్షరాల, అంకెల గుర్తింపు కోడ్ హెచ్‌యూఐడీ ఉండాలి. రెండు గ్రాముల లోపు వస్తువులకు మినహాయింపు ఉంది. ఉంగరంలో ఈ గుర్తులు సాధారణంగా లోపలివైపు చాలా సన్నగా ఉంటాయి. కోసేది, అతికేది, నునుపు పెట్టేది సరిగ్గా ఆ చోటే అయితే గుర్తు చెరిగిపోతుంది. రేపు మార్చుకోవడానికో తాకట్టుకో తీసుకెళ్లినప్పుడు దాంతో పని పడుతుంది. భూతద్దంతో ఆ గుర్తు ఎక్కడుందో చూసి, దానికి దూరంగా కోయమని చెప్పండి. వీలైతే కొన్న కొట్లోనే సైజు మార్పించుకోండి. అతుకు వేసే బంగారం కూడా ఉంగరం ఎన్ని క్యారెట్లో అన్నే ఉండాలి.

వేరేవాళ్లకోసం వాళ్లకు తెలియకుండా కొనాలనుకుంటే, వాళ్లు ఆ వేలికే పెట్టుకునే ఉంగరం ఒకటి ఒక పూట తీసుకెళ్లడం మినహా నమ్మకమైన దారి లేదు. అది కుదరకపోతే అంచనాకన్నా ఒక సైజు పెద్దదే తీసుకోండి. పెంచడం కన్నా తగ్గించడం సులువు. నిశ్చితార్థానికి చేయించేవాళ్లు మాత్రం ఆ తెలియకుండా అనే ముచ్చట వదిలేసి, పిల్లను, పిల్లవాణ్ణి కొట్టుకు తీసుకెళ్లి కొలిపించడమే మంచిదని నా మాట. పదిమంది ముందు ఉంగరం కణుపు దగ్గర ఇరుక్కుంటే ఆ పిల్లకు ఎంత కష్టంగా ఉంటుందో ఆలోచించండి.

బిగుతు ఉంగరం వల్ల ప్రమాదమూ ఉంది. నిలువు దోపిడి మొక్కుకున్నవాళ్లు ఒంటిమీది నగలన్నీ హుండీలో వేయాలి. నడిచి వచ్చి ఉబ్బిన వేలికి ఏళ్ల కిందటి ఉంగరం ఇరుక్కుని ఉంటే అక్కడ లాగి పుండు చేసుకోవద్దు. చేయి కాసేపు తలకన్నా పైకి ఎత్తి ఉంచి, చల్లటి నీళ్లలో ముంచి, నూనె కానీ సబ్బు కానీ రాసి, తిప్పుతూ తీయండి. అప్పటికీ రాకపోతే సన్నటి నునుపైన దారం ఒక కొనను ఉంగరం కిందుగా అరచేతివైపు దూర్చి, మిగతాది ఉంగరం దగ్గరనుంచి కణుపు దాటేదాకా వరసగా, దగ్గర దగ్గరగా చుట్టి, అరచేతివైపు ఉన్న కొనను పట్టుకుని విప్పుతూ రండి. దారం విడుతున్నకొద్దీ ఉంగరం ముందుకు కదులుతుంది. వేలు నీలంగా మారినా, మొద్దుబారినా, దెబ్బ తగిలి ఉన్నా ఈ ప్రయత్నాలేవీ వద్దు, ఆసుపత్రికి వెళ్లి ఉంగరం కోయించుకోండి. కోసిన ఉంగరాన్ని ఆచారి మళ్లీ అతకగలడు.

గర్భిణులకు నెలలు నిండేకొద్దీ వేళ్లు ఉబ్బుతాయి, ముందే ఉంగరాలు తీసి దాచుకోవడం మేలు. ఉన్నట్టుండి ముఖం, చేతులు ఉబ్బి, తలనొప్పి, కళ్లు మసకలు కూడా ఉంటే అది బీపీ పెరిగిన గుర్తు కావచ్చు, ఆ రోజే డాక్టరుకు చూపించాలి. ఇంకొకటి మన పల్లెలకు చాలా ముఖ్యం. వేరుశనగ చేలో, గడ్డివామి దగ్గర చేతిమీద పాము కాటు పడితే, ముఖ్యంగా రక్తపింజర అయితే, ఆ చేయి తొందరగా వాస్తుంది. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు, వాచీ తీసేయాలి. కట్టు బిగించకూడదు, కోయకూడదు, చేయి కదలకుండా ఉంచి 108కి ఫోను చేసి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఉంగరం ఆ క్షణంలో రాకపోతే వాపులో అది వేలికి రక్తం అందనివ్వదు.

అందుకని ఈ సాయంత్రం ఇంట్లో ప్రతి ఒక్కరి ఉంగరమూ ఒకసారి తీయించి చూడండి, మొదట పెద్దవాళ్లవి. సబ్బు రాసినా రానిది ఏదైనా ఉంటే పండగ దాకా ఆగకుండా ఈ వారమే ఆచారి దగ్గరికి తీసుకెళ్లి సైజు పెంచించండి.